మాంబలంలో మా నీళ్ల రోజులు

పెళ్లయిన కొత్తలో, 2001లో, మావారికి గిండీలో ఉద్యోగం కుదరడంతో చెన్నై వచ్చి వెస్ట్ మాంబలంలో కాపురం పెట్టాం. 2008లో హైదరాబాద్ వచ్చేసేదాకా అదే ఇల్లు, అదే వీధి. నా కాపురానికి కొన్న మొదటి గిన్నెలు, మొదటి బిడ్డ, అమ్మ పక్కన లేకుండా నేనే చేసిన మొదటి పండగలు అన్నీ అక్కడే కాబట్టి ఆ ఊరంటే నాకు ఇప్పటికీ ప్రాణం. ఎవరైనా చెన్నైలో ఎలా ఉండేదని అడిగితే బీచి గురించో గుళ్ల గురించో చెబుతాననుకుంటారు గానీ, నాకు ముందు గుర్తొచ్చేవి నీళ్లు. బిందెలు, సంపు, లారీ, మోటారు. ఆ ఇంట్లో మా రోజంతా వాటి చుట్టూనే తిరిగేది.

మాది తెనాలి. ఊరి మధ్యలోంచే మూడు కాలువలు పోతాయి. బడికి వెళ్లేటప్పుడు కాలువ వంతెన, సినిమాకి వెళ్లేటప్పుడు కాలువ వంతెన, వేసవిలో కాలువలు కట్టేశారంటే అదే పెద్ద వార్త. నీళ్లు కొలుచుకుని వాడుకోవాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. మా తాతయ్య చివరిదాకా ఆ ఊరిని మద్రాసు అనే అనేవాడు. పేరు 1996లోనే మారిందని ఎంత చెప్పినా వినేవాడు కాదు. మాంబలం పక్కనున్న టీ నగర్ అంటే మన తెలుగువాడే అయిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద కట్టిందేననీ, పానగల్ పార్కు పేరు కూడా మన పానగల్లు రాజాదేననీ చెప్పి, "పరాయి ఊరని బెంగపెట్టుకోకమ్మా" అని ధైర్యం చెప్పి రైలెక్కించాడు.

మేం దిగిన ఇల్లు పాతది. పైన ఓనర్లు, కింద రెండు పోర్షన్లు. పది నెలల అద్దె అడ్వాన్సు అడిగారు. తెనాలిలో రెండు నెలలు అడిగితేనే ఎక్కువ అనుకునేవాళ్లం, అందుకని మా మావగారు కొంత సర్దాల్సి వచ్చింది. గేటు లోపలికి అడుగుపెట్టగానే కాళ్ల కింద సంపు మూత. వెనక పెరట్లో ఒక పాత బావి, దాని పక్కనే బోరు. వంటింట్లో ఒకే సింకు మీద రెండు కుళాయిలు, వెనక గుమ్మం దగ్గర ఒక చేతిపంపు. చేరిన రోజు ఓనరమ్మ కిందికి వచ్చి ఇల్లంతా చూపించింది. అందరూ మామి అనే పిలిచేవాళ్లు కాబట్టి నేనూ మామి అనే అన్నాను. ఆవిడ గదులు, కిటికీలు రెండు మాటల్లో తేల్చేసి, కుళాయిల దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. ఈ కుళాయిలో వచ్చేది బోరు నీళ్లు, ఉప్పగా ఉంటాయి, గిన్నెలకీ బట్టలకీ బాత్రూముకీ అవే. ఆ కుళాయిలో వచ్చేవి మెట్రో నీళ్లు, అంటే ఊరి నీటి బోర్డు పంపే మంచినీళ్లు, వంటకీ తాగడానికీ మాత్రమే. మోటారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేస్తారు. మెట్రో నీళ్లు తెల్లవారుజామున వస్తాయి, వచ్చే గంటలోనే పంపు కొట్టుకుని పట్టుకోవాలి. నాకు అప్పటికి తమిళం ఒక్క ముక్క రాదు, ఆవిడకి తెలుగు రాదు, అయినా ఆవిడ చేతులతో, చెంబుతో, కుళాయి తిప్పి చూపించి చెప్పింది నాకు మొత్తం అర్థమైంది.

మిగతా సర్దుబాట్లన్నీ తొందరగానే అయిపోయాయి. ఆవిన్ పాల కార్డు చేయించుకున్నాం. కరెంటు రీడింగు రెండు నెలలకోసారి వచ్చి తెల్లకార్డు మీద రాసిపోయేవాళ్లు, ఆ ఈబీ కార్డు గుమ్మం పక్క మేకుకి వేలాడదీయాలని తెలిసింది. సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందో, గోంగూర ఏ రోజు వస్తుందో, మూర మల్లెపూలు ఎంతో వారం రోజుల్లో తెలిసిపోయాయి. స్టేషన్ వంతెన ఎక్కి అవతలికి దిగితే రంగనాథన్ స్ట్రీట్, ఆ జనంలో పడితే ప్లాస్టిక్ మగ్గు దగ్గర్నుంచి పట్టుచీర దాకా ఏదైనా దొరుకుతుంది. బస్సు బోర్డులు చదవడానికి తమిళ అక్షరాలు నేర్చుకున్నాను, ముందు అంకెలతో సరిపెట్టుకున్నాను.

పక్క పోర్షన్‌లో తెలుగువాళ్లే ఉండటం నా అదృష్టం. వాళ్ల తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు గానీ రాయడం చదవడం తమిళమే. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లాయన్ని బావగారు అనేదాన్ని. అక్క తెలుగు వినడానికి నాకెంత ఇష్టమో చెప్పలేను. "ఏంమా, ఏం చేస్తా ఉండావు?" అని గోడ అవతల నుంచి పిలిస్తే ఆ రోజుకి బెంగ తీరిపోయేది.

నేను అక్క దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం కందిపప్పుది. ఒకరోజు మెట్రో నీళ్లు రాలేదు, ఇంట్లో ఉన్నవి తాగడానికే సరిపోతాయని పప్పు బోరు నీళ్లలో పెట్టాను. కుక్కర్ విజిల్స్ మీద విజిల్స్ వస్తున్నాయి, మూత తీస్తే పప్పు గింజ గింజగా అలాగే ఉంది. వేలితో నొక్కితే పైపొర జారుతోంది, లోపల పలుకు పలుకే. పైన తెల్లటి నురుగులాంటిది తేలింది. అక్క చూసి, ఈ నీళ్లలో ఉడకదు, పొద్దున్నే నానబోసుకోవాల, అదీ మంచినీళ్లలోనే, అని వాళ్లింట్లోంచి ఒక చెంబు నీళ్లు తెచ్చిచ్చింది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు మెత్తబడదని తర్వాత మావారు చెప్పారు. అదే నీళ్లతో తలంటుకుంటే జుట్టు పీచులా అయ్యేది. స్టీలు గిన్నెల మీద ఎంత తోమినా తెల్లచారలు. తెల్లచొక్కాలు నెల తిరిగేసరికి పసుపు రంగుకి తిరిగేవి. మామి అయితే కాఫీ డికాషన్‌కి విడిగా ఒక ఇత్తడి బిందెలో మెట్రో నీళ్లు దాచి, దానిమీద బట్ట కట్టి పెట్టేది. ఇంట్లో ఎవరూ ఆ బిందెని వేరే పనికి ముట్టుకోకూడదు. ఆ ఇంట్లో కాఫీ తాగిన ప్రతిసారీ నాకు ఆ బిందె మీదికే చూపు పోయేది.

ఓనరు మామ రిటైరైన మనిషి. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పాత సంగతులు చెప్పేవాడు, కాస్త ఇంగ్లీషు, కాస్త తమిళం కలిపి. మేం ఉన్న చుట్టుపక్కల పూర్వం పెద్ద చెరువు ఉండేదని ఆయన చెప్పగానే తెలిసింది. మైలాపూరు, నుంగంబాక్కం దాకా పొడుగ్గా ఉండేదట, లాంగ్ ట్యాంక్ అనేవాళ్లు. 1920లలో దాన్ని ఎండగట్టి, పూడ్చి, ప్లాట్లు వేసి టీ నగర్ కట్టారు. మా వీధికి దగ్గర్లోనే లేక్ వ్యూ రోడ్ ఉంది, నేను రోజూ కూరగాయలకి ఆ దారినే వెళ్లేదాన్ని, అక్కడ చెరువు ఎందుకు కనపడదో నాకెప్పుడూ తట్టలేదు. చెరువు ఉన్నచోట ఇళ్లు కట్టుకున్నాం, ఇప్పుడు ఆ ఇళ్లలోకి నీళ్లు లారీల్లో కొనుక్కుంటున్నాం అని మామ చాలా బాధగా అనేవాడు. నాకు ఆయన బాధ అప్పుడు సగమే అర్థమైంది. 2003 వచ్చాక మొత్తం అర్థమైంది.

చెన్నైకి వాన అంటే ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలే. మనకి జూన్‌లో వానలు పడుతుంటే అక్కడ ఎండ మండిపోతూ ఉంటుంది. 2003 నాటికి ఆ వానలు మొహం చాటేశాయి. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం, ఈ నాలుగు చెరువుల పేర్లు అప్పుడు ఊళ్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. పేపర్లో రోజూ వాటి నీటిమట్టం వేసేవాళ్లు, మామ పొద్దున్నే ముందు అదే చదివేవాడు. చివరికి చదవడానికేం మిగలలేదు, చెరువులు ఎండిపోయాయి. మా వీధిలో కుళాయి పూర్తిగా ఆగిపోయింది. వంటింటి చేతిపంపు ఎంత కొట్టినా గాలి శబ్దం తప్ప చుక్క రాదు. బోరు కూడా పొద్దున కాసేపు పోసి మట్టిరంగుకి తిరిగి ఆగేది.

అప్పుడు మొదలైంది లారీల కాలం. వీధి మొదట్లో నల్లటి సింటెక్స్ ట్యాంకు పెట్టారు, దాన్ని మెట్రో వాటర్ లారీ వచ్చి నింపేది, ఒక్కోసారి నేరుగా లారీ పైపుతోనే పోసేవాళ్లు. ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. ప్లాస్టిక్ కుడాలు (బిందెల్నే అక్కడ కుడాలంటారు), ఆకుపచ్చ, నారింజ, నీలం, గులాబీ, వీధి పొడుగునా వరసగా పెట్టి ఉండేవి, ఎవరి కుడం ఎవరిదో గుర్తుకి మూతికి గుడ్డపీలిక కట్టేవాళ్లం. మా ఇంటివాళ్లవన్నీ నారింజ రంగు, మాకు పసుపు పీలిక, అక్కకి ఎరుపు. మనిషి లేకపోయినా కుడం ఉంటే వరస ఉన్నట్టే, దాన్ని ఎవరూ కదపరు. లారీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మధ్యాహ్నం కావచ్చు, అర్ధరాత్రి రెండింటికి కావచ్చు. రాత్రి వస్తే అక్క కిటికీ కొట్టేది, "లేమ్మా, లారీ వచ్చేసింది, కుడాలు ఎత్తుకోని రా" అని. నైటీ మీద చున్నీ వేసుకుని పరుగు. వీధిదీపం కింద ఆడవాళ్లందరం. బడిపంతులమ్మ, బ్యాంకు ఉద్యోగి, ఇస్త్రీ బండి ఆయన భార్య, పూలమ్మే ముసలావిడ, అందరం ఒకటే వరస. గొడవలు జరిగేవి, కాదనను. ఒక కుడం ఎక్కువ పట్టుకున్నారని అరుచుకున్నవాళ్లే తెల్లారి పిల్లాడికి జ్వరమంటే మాత్ర తెచ్చిచ్చేవాళ్లు. నా తమిళం అంతా ఆ వరసలోనే వచ్చింది. పుస్తకం పట్టుకుని నేర్చుకుందామంటే రాని భాష, రాత్రి రెండింటికి కుడం మీద చెయ్యేసి నిలబడితే వచ్చేసింది.

నిండు కుడం నడుం మీద పెట్టుకుని ఒలకకుండా నడవడం కూడా ఒక విద్య. అక్క చూపించింది. మెడ దగ్గర చెయ్యి చుట్టి, కుడం పొట్టని తుంటిమీద ఆనించి, రెండో చెయ్యి బరువు సరితూగేలా దూరంగా చాపి, చిన్న అడుగులు వేయాలి. నీళ్ల మీద ఒక వేపరెమ్మ గానీ ఆకు గానీ వేస్తే తొణకవు. ఇంట్లో మొదటి వారం నడుం పట్టేసింది, తర్వాత అలవాటైంది. మావారు మోస్తానంటే మోయనిచ్చేదాన్ని, ఆయన రెండు చేతులతో రెండు బకెట్లు తెచ్చేవారు, కానీ ఆఫీసు నుంచి వచ్చేసరికి లారీ వెళ్లిపోయేది.

లారీ నీళ్లు చాలక ఇంటివాళ్లందరం కలిసి ప్రైవేటు ట్యాంకరు తెప్పించుకునేవాళ్లం. పన్నెండు వేల లీటర్ల లారీ. ఊరి బయట పొలాల బావుల్లోంచి తోడి తెచ్చేవాళ్లు. సంపులో పైపు వేసి వదిలితే ఆ చప్పుడుకి ఇల్లంతా బయటికి వచ్చేది. డబ్బులు మూడు వాటాలు. మామి లెక్క పక్కాగా రాసేది, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు ఏనాడూ. ఆ నీళ్లు ఏ రైతు పొలానివో, అక్కడ వాళ్లకి ఎన్ని మిగిలాయో అని నాకు దిగులుగా ఉండేది, మాది పల్లెటూళ్ల మధ్య పెరిగిన బుద్ధి కదా. ఆ దిగులు ఇప్పటికీ ఉంది.

ఇదంతా నడుస్తుండగానే నాకు నెలలు నిండాయి. పురిటికి తెనాలి వెళ్లాను, 2003 నవంబరులో పాప పుట్టింది. ఐదో నెలలో పాపని తీసుకుని మాంబలం వచ్చేసరికి ఏప్రిల్ ఎండలు. అమ్మ తోడు వచ్చింది. చంటిపిల్ల ఉన్న ఇంట్లో నీళ్లు ఎన్ని కావాలో చెప్పక్కర్లేదు. గుడ్డలు రోజుకి ఎన్నో. మాకు ఒక క్రమం ఉండేది. పాపకి నీళ్లు పోసేటప్పుడు పెద్ద తొట్టిలో కూర్చోబెట్టి పోయాలి. ఆ తొట్టి నీళ్లతో గుడ్డలు మొదటి దఫా జాడించాలి, అవే బకెట్లో పట్టి బాత్రూముకి వాడాలి. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకి. గిన్నెలు తొలిచిన నీళ్లు పెరట్లో కరివేపాకు చెట్టుకి, అరటిచెట్టుకి. వాకిట్లో కళ్లాపికి ఒక్క చెంబు, అది కూడా కూరగాయలు కడిగిన చెంబు, ముగ్గు పట్టేంత తడి అయితే చాలు. అంత కరువులోనూ వీధిలో ఒక్క గుమ్మం ముందు కూడా ముగ్గు మానలేదు, అది మాత్రం నేను చెన్నైవాళ్లకి ఎప్పటికీ దండం పెట్టే సంగతి.

అమ్మ ఇదంతా రెండు రోజులు మాట్లాడకుండా చూసింది. మూడో రోజు నేను మూడు చెంబులతో స్నానం ముగించి వచ్చేసరికి పెరట్లో కూర్చుని ఏడుస్తోంది. మనూళ్లో కాలువ పక్కన పుట్టినదానివి, ఇదేం ఖర్మే నీకు, పద పోదాం, అంది. నేను ఊరుకోమన్నాను. అక్క వచ్చి అమ్మ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, బిడ్డకి ఒక్కనాడు కూడా నీళ్లు తక్కువ కానీలేదు, మేముండాం కదా" అంది. అది నిజం. లారీ వరసలో పసిబిడ్డ తల్లికి రెండు కుడాలు ముందు పట్టనిచ్చేవాళ్లు. ఎవరూ రూలు పెట్టలేదు, పూలమ్మే అవ్వ ఒకసారి గట్టిగా అంది, అంతే, తర్వాత అది అలా నడిచిపోయింది. పైనుంచి మామి తన వాటాలోంచి రోజూ ఒక బిందె కాచిన నీళ్లు పాప కోసం పంపేది. నేను వద్దన్నా వినేది కాదు.

ఆ ఏడాదే, 2004లో, కృష్ణా పుష్కరాలు వచ్చాయి. నేను చంటిపిల్లతో వెళ్లలేకపోయాను. నాన్న విజయవాడలో స్నానం చేసి, పుష్కర నీళ్లు రెండు పెద్ద క్యాన్లలో పట్టుకుని, పినాకినిలో ఎక్కి వచ్చాడు. దారిపొడుగునా క్యాన్లు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడట, ఎవరైనా తాగేస్తారేమోనని కాదు, ఎవరి కాలైనా తగులుతుందేమోనని. ఇంటికి రాగానే పాప తలమీద నాలుగు చుక్కలు చల్లి, మా ఇద్దరి మీదా చల్లాడు. ఇది కృష్ణ నీళ్లని తెలిసి మామి మెట్లు దిగి వచ్చింది. చెంబు తెచ్చుకోలేదు, మళ్లీ పైకెళ్లి, తలంటుకుని, మడి కట్టుకుని, దేవుడి దగ్గర పెట్టే చిన్న రాగిచెంబు పట్టుకుని వచ్చింది. నాన్న పోస్తుంటే రెండు చేతులతో పట్టుకుంది. అక్క ఒక గ్లాసు తీసుకుంది, అవ్వ కూడా వచ్చింది, వీధిలో సగం ఇళ్లకి తలా కాసిని వెళ్లాయి. నాన్న నీళ్లు పంచుతూ ఎంత సంబరపడ్డాడో, మాకు మిగిలింది అడుగున కొంచెమే.

అప్పుడే మామ నాన్నకి చెప్పాడు, ఈ కృష్ణ నీళ్లు మా ఊరికి కాలువలో కూడా వస్తాయండీ అని. తెలుగుగంగ గురించి నాన్నకి తెలుసు, 1983లో చెన్నైలో ఇందిరాగాంధీ, ఎన్టీఆర్, ఎమ్జీఆర్ కలిసి ప్రారంభించినప్పటి పేపరు ఆయనకి బాగా గుర్తు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చేతులతో గాలిలో దారి గీసుకున్నారు. శ్రీశైలం దగ్గర పోతిరెడ్డిపాడు నుంచి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, అక్కణ్నుంచి సోమశిల, తర్వాత కండలేరు, అక్కణ్నుంచి కాలువలో ఊతుకోట మీదుగా పూండి చెరువు. మొదటిసారి 1996లో నీళ్లు వచ్చాయి. ఒప్పందం ప్రకారం కృష్ణ నీళ్లు వాడుకునే మూడు రాష్ట్రాలూ తలా 5 టీఎంసీలు, మొత్తం 15 టీఎంసీలు మద్రాసుకి ఇవ్వాలి. కానీ కాలువ గట్లు జారిపోయి, దారిలో ఇంకిపోయి, చెప్పినన్ని ఏనాడూ చేరలేదు. సత్యసాయి ట్రస్టు ఆ కాలువని బాగు చేయించింది, దాంతో 2004 తర్వాత పరిస్థితి మెరుగుపడింది. అదే ఏడాది వీరాణం చెరువు నుంచి కూడా గొట్టాల్లో నీళ్లు రావడం మొదలైంది.

నేను పక్కన కూర్చుని వింటూ ఉన్నాను. తెనాలి కాలువలోకి వెళ్లే ఏరే, ఇంత చుట్టు తిరిగి, రాయలసీమ, నెల్లూరు దాటి, నా వంటింటి కుళాయిలోకి రావాలి. పుట్టింటి నుంచి నాకు పంపిన సారెలా అనిపించింది, ఆ మాట నాన్నకి చెబితే కళ్లు తుడుచుకున్నాడు.

వానల గురించి కూడా చెప్పాలి. 2003లోనే ప్రభుత్వం ప్రతి ఇంట్లో వాననీటి ఇంకుడు ఏర్పాటు ఉండాల్సిందేనని ఆర్డినెన్సు తెచ్చింది. వీధంతా తవ్వకాలు. మామ వయసులో కూడా ఎండలో నిలబడి చేయించాడు. డాబా మీద పడ్డ వాన అంతా ఒక గొట్టంలోకి, ఆ గొట్టం పెరట్లో ఒక తొట్టిలోకి, ఆ తొట్టిలో అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆ పైన ఇసుక, అందులోంచి వడిసి బావిలోకి. కొందరు పేరుకి ఒక గొట్టం పెట్టి సర్టిఫికెట్ తీసుకున్నారు, మామ మాత్రం ఇసుక తనే జల్లెడ పట్టాడు. ఆ ఏడాది వాన లేదు, గొట్టం ఎండిపోయి ఉంది, పిచ్చుకలు దూరేవి. తర్వాతి ఏడాది కొంత పడింది.

2005లో పడింది చూడండి వాన. అక్టోబరు చివర్లో ఊరు మునిగింది. దురైసామి సబ్‌వేలో బస్సు ఇరుక్కుపోయింది, మావారు గిండీ నుంచి పట్టాల వెంబడి నడుచుకుంటూ వచ్చారు. మా వీధిలో మోకాలి లోతు, చెరువు తన చోటుకి తను వచ్చిందని మామ అన్నాడు. నష్టపోయినవాళ్లని చూస్తే గుండె తరుక్కుపోయింది, పూలమ్మే అవ్వ ఇల్లు తడిసిపోతే మా పోర్షన్‌లోనే నాలుగు రోజులుంది. కానీ ఆ రాత్రి కరెంటు లేక చీకట్లో అందరం పెరట్లో గొడుగుల కింద నిలబడి, గొట్టంలోంచి నీళ్లు బావిలో పడుతున్న శబ్దం వింటూ ఉన్నాం. మామ టార్చి వేసి చూపించాడు. ఎండిన బావి, ఇసుక తప్ప ఏమీ కనపడని బావి, అడుగున నల్లగా మెరుస్తోంది. వాన తగ్గాక రోజూ తాడు వేసి కొలిచేవాడు. సంక్రాంతి నాటికి బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు బాగా తగ్గింది. నేను కావాలనే ఆ నీళ్లలో కందిపప్పు పెట్టాను. ఉడికింది. మెత్తగా, గరిటెతో మెదిపితే మెదిగేలా. ఆ పప్పు గిన్నెతో సహా మామికీ అక్కకీ తీసుకెళ్లి ఇచ్చాను, ముద్దపప్పులో నెయ్యి, పక్కన అమ్మ పంపిన ఆవకాయ. మామి ఇంట్లో ఆవకాయ తినరు, ఆ రోజు తిన్నారు.

2008లో మావారికి బదిలీ అయి హైదరాబాద్ వచ్చాం. సామాను లారీ ఎక్కించాక నారింజ కుడాలు మాత్రం అక్క దగ్గరే వదిలేశాను, కొత్త ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ నీళ్లుంటాయని చెప్పారు. మామ పోయారు, మామి కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది, ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. బావి పూడ్చకుండా ఉంచారని అక్క చెప్పింది, ఆ మాటకి నాకు చాలా సంతోషం వేసింది. అక్కావాళ్లు అదే వీధిలో సొంత ఫ్లాటు కొనుక్కున్నారు.

2019 జులైలో మళ్లీ నాలుగు చెరువులూ ఎండిపోయాయని టీవీలో చూపిస్తుంటే ఒక్క క్షణం ఆగలేక ఫోన్ చేశాను. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెస్తున్నారు విల్లివాక్కానికి. అక్క గొంతులో కంగారేం లేదు. అంతా అలవాటేగా అంది. కింద లారీ వరసలో ఇప్పుడు కొత్త పిల్లలు, ఐటీ ఉద్యోగాలవాళ్లు, వాళ్లకి కుడం పట్టుకోవడం రాదట, తనే దిగి చూపిస్తోందట.

మా అమ్మాయి బెంగళూరులో పీజీలో ఉంటోంది. 2024 మార్చిలో అక్కడ బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల ధరలు ప్రభుత్వమే నిర్ణయించే దాకా వచ్చినప్పుడు, రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, రోజుకి రెండు బకెట్లే ఇస్తున్నారు, ఎలా సరిపెట్టుకోవాలి?" అని అడిగింది. నేను అటు నుంచి ఇటు నుంచి ఆలోచించకుండా చెప్పుకుంటూ పోయాను. స్నానం తొట్టిలో నిలబడి చెయ్యి, ఆ నీళ్లు పారబోయకు. ముందు మొహం, తర్వాత తల, తర్వాత ఒళ్లు. బట్టలకి సబ్బు తక్కువ పెట్టు, జాడించడానికి నీళ్లు తక్కువ పడతాయి. తాగే నీళ్ల సీసా మూత పెట్టి మంచం పక్కన పెట్టుకో. నీ రూములో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మొదటి బకెట్ వాళ్లకివ్వు. అది ఇవన్నీ ఫోనులో రాసుకుంది. నువ్వు ఐదో నెలలో ఉన్నప్పుడు నీకూ ఇలాగే జరిగిందే అని చెబితే, ఆ రాత్రి చాలాసేపు మాంబలం కబుర్లన్నీ అడిగి చెప్పించుకుంది. అక్కా, మామి, అవ్వా దానికి గుర్తులేరు, కానీ వాళ్ల నీళ్లతో పెరిగింది.

అక్క వాళ్ల పెద్దబ్బాయి పెళ్లి వచ్చే నెల. పత్రిక వాట్సాప్‌లో పంపి వెంటనే ఫోన్ చేసింది. "రెండు దినాలు ముందే వచ్చేయమ్మా, పనులకి మనిషి కావాల. నీళ్లకేం కొదవ లేదులే, ఈసారి వాన బాగా పడింది" అంది. టికెట్లు చేయించుకున్నాం. అమ్మాయి బెంగళూరు నుంచి నేరుగా వచ్చేస్తానంది.